కెర్నల్ గడియారం 30 నిమిషాల 44 సెకన్లకు సున్నా అయితుంది. నా ప్యాచ్ జర చూస్తరా?

క్లాక్‌టవర్_నల్గొండ (శుక్రవారం, రాత్రి 9:12)

అందరికీ నమస్తే. నాది నల్గొండ, బీటెక్ మూడో సంవత్సరం. ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్‌ల మాకు ఎక్స్‌వీ6 ఇచ్చిన్రు. తెల్వనోళ్ల కోసం చెప్తున్న, అది ఎంఐటీ వాళ్లు పాఠం చెప్పనీకి రాసుకున్న చిన్న కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ. 1975 నాటి యూనిక్స్ ఆరో ఎడిషన్‌ను చూసి కొత్తగ రాసిన్రు. మేం నడిపేది రిస్క్-ఫైవ్ ప్రాసెసర్ వెర్షన్, క్యూఎముల, అంటే ఉత్తుత్తి కంప్యూటర్‌ను చూపెట్టే సాఫ్ట్‌వేర్‌ల.

దాన్ల టైమ్ అడిగితే టిక్కులే చెప్తది. ఒక్క టిక్కు అంటే సుమారు సెకన్ల పదో వంతు. నా ప్రాజెక్టుకు అది సరిపోదు. అందుకే నానోసెకన్లు ఇచ్చే సిస్టమ్ కాల్ (ప్రోగ్రాం కెర్నల్‌ను అడిగే పిలుపు) ఒకటి రాసిన, పేరు గెట్‌టైమ్. క్యూఎముల హార్డ్‌వేర్ కౌంటర్ సెకనుకు కోటి చొప్పున పెరుగుతది. దాన్ని 100 కోట్లతోని గుణించి, కోటితోని భాగిస్తున్న. లెక్క కరెక్టే కద?

కాని సిస్టమ్ బూట్ అయిన 30 నిమిషాల 44 సెకన్లకు టైమ్ మళ్ల సున్నాకు వస్తుంది. మూడుసార్లు చూసిన, మూడుసార్లూ గంతే. దీనికి నేను పెట్టిన ఫిక్స్ రెండే లైన్లు. పోయినసారి ఇచ్చిన విలువను ఒక గ్లోబల్ వేరియబుల్‌ల దాచుకుంట. కొత్త విలువ దానికంటే చిన్నగుంటే పాతదే తిరిగిస్త. గడియారం ఎనకకు పోదు. సోమవారం సబ్మిట్ చెయ్యాలె. కోడ్ ఇక్కడ పెడితే ఇండెంట్ అంతా చెడిపోతుంది, అందుకే మాటల్ల చెప్పిన. ఎట్లుంది?

జడ్చర్ల_జంక్షన్ (శుక్రవారం, రాత్రి 9:20)

రెండు లైన్లకు రివ్యూ ఎందుకు తమ్మీ, కొట్టెయ్ సబ్మిట్ 😄

దేవరకొండోడు (శుక్రవారం, రాత్రి 10:05)

ఆగు తమ్మీ, కొట్టకు. టైమ్ కోడ్‌ల రెండు లైన్ల ప్యాచ్ అంటేనే నాకు భయం. ఇరవై ఏండ్ల సంది హైదరాబాద్‌ల ఇదే పని చేస్తున్న.

ముందు ఈ 30 నిమిషాల 44 సెకన్లు ఎక్కడినుంచి వచ్చినయో లెక్క కట్టు. 64 బిట్ల వేరియబుల్‌ల పట్టే అతి పెద్ద సంఖ్యను 100 కోట్లతోని భాగిస్తే 1844 కోట్ల 67 లక్షల చిల్లర వస్తది. నీ కౌంటర్ సెకనుకు కోటి పెరుగుతది కాబట్టి 1844 సెకన్లల్ల అక్కడికి చేరుతది. అరవైతోని భాగించి చూడు. నువ్వు గుణకారం ముందు చేస్తున్నవ్, భాగహారం తర్వాత. జవాబు చిన్నదే, మధ్యల వచ్చే సంఖ్యనే పెట్టెల పట్టక పొర్లిపోతుంది.

ఇగ నీ ఫిక్స్ సంగతి. కాటా సూది కిందికి దిగుతుందని దారంతోని కట్టేసినట్టుంది. సున్నాకు పోయినంక నీ కొత్త విలువలు మళ్ల 1844 సెకన్ల దాకనే పెరిగి, మళ్ల సున్నాకొస్తయ్. దాచుకున్న పాత విలువ దాదాపు 1844 కాడనే ఉంటది. అంటే అన్నీ దానికంటే చిన్నవే. అరగంట దాటినంక నీ గడియారం ఇగ కదలదు. ఎనకకు పోయే గడియారమే నయం, తప్పని కంటికి కనపడ్తది. ఆగిపోయిన దాన్ని చూసి ఎవడో ప్రోగ్రాం ఒకటి "ఇంకా టైమ్ కాలే" అనుకుంట కూసుంటది.

క్లాక్‌టవర్_నల్గొండ (శుక్రవారం, రాత్రి 11:31)

అన్నా, నడిపి చూసిన. నిజమే, 1844 కాడ ఆగింది. గంట సేపు చూసిన, కదల్లే. మా క్లాక్‌టవర్ సెంటర్ పేరు పెట్టుకున్నందుకు ఇజ్జత్ పోయింది.

లెక్చరరమ్మ_కల్వకుర్తి (శనివారం, ఉదయం 7:48)

ఆ గ్లోబల్ వేరియబుల్ గురించి ఇంకో మాట. ఎక్స్‌వీ6 మేక్‌ఫైల్ (కెర్నల్‌ను కట్టి నడిపే సూచనల ఫైలు) మామూలుగా మూడు సీపీయూలతో నడుపుతుంది. నువ్వు దాచిన విలువకు లాక్ లేదు కదా? ఒక సీపీయూ చదివే లోపల ఇంకొకటి మార్చేస్తుంది. అంటే ఎనకకు పోకుండా పెట్టిన కాపలా కూడా నమ్మదగ్గది కాదు. లాక్ పెడితే టైమ్ అడిగిన ప్రతిసారీ ముగ్గురూ ఒక్క తలుపు దగ్గర నిలబడాలి. ఆ వేరియబుల్‌ను పూర్తిగా తీసేస్తేనే మంచిది.

నేను పాలిటెక్నిక్‌లో చెప్తాను. టైమ్ లెక్క గురించి నాకు పాఠం చెప్పింది మా ఊరి బోరు. కొన్నేళ్ల కింద మా పిల్లలు ఆర్డ్వినో అనే చిన్న సర్క్యూట్ బోర్డుతో మోటరు టైమర్ చేశారు. మా వైపు బోర్లు గ్యాపిస్తాయని మీకు తెలుసు కదా. 20 నిమిషాలు నడిపి 40 నిమిషాలు ఆపితే నీళ్లు ఊరుతాయి. రైతు రాత్రిపూట లేచి పోయే పని లేకుండా అదే వేసుకుంటుంది, అదే ఆపుకుంటుంది. ఎగ్జిబిషన్‌లో ప్రైజ్ కూడా వచ్చింది. ఒక పిల్లవాడి నాన్న దాన్ని నిజంగానే బాయికాడ పెట్టుకున్నాడు.

ఒకరోజు పొద్దున్నే ఫోన్. స్టార్టర్ టకటకా కొట్టుకుంటోంది, క్షణం ఆన్, క్షణం ఆఫ్. ఓవర్‌లోడ్ రిలే ట్రిప్ అయింది కాబట్టి మోటరు బతికింది. లేకపోతే వైండింగ్ ఖర్చు మా కాలేజీ మీద పడేది.

ఆర్డ్వినోలో మిల్లీసెకన్ల కౌంటర్ 32 బిట్లు. 49 రోజుల 17 గంటలకు నిండి సున్నాకొస్తుంది. పిల్లలు రాసిన షరతు ఏమిటంటే, "ఇప్పటి టైమ్ మొదలైన టైమ్ ప్లస్ గడువు కంటే ఎక్కువైతే స్విచ్ మార్చు". కౌంటర్ నిండడానికి కొద్ది నిమిషాల ముందు ఆ ప్లస్ చేసిన సంఖ్య పొర్లి చిన్నదైపోయింది. ఇప్పటి టైమ్ ఏమో కొండంత ఉంది. షరతు ప్రతిసారీ నిజమే, ప్రతిసారీ స్విచ్ మారుడే. కౌంటర్ సున్నాకు వచ్చేదాకా అదే ఆట.

అసలు నేను ఆలోచనలో పడ్డది దీని గురించి కాదు. ఇదే డబ్బా అంతకుముందు ఇంకో పొలంలో రెండేళ్లు బాగానే నడిచింది! అప్పుడు కరెంటు విడతలుగా వచ్చేది. పోయిన ప్రతిసారీ డబ్బా రీసెట్ అయ్యేది, 49 రోజులు ఎన్నడూ నిండలేదు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చింది. కరెంటు ఆగకపోయేసరికి బగ్ బయటపడింది. రైతుకు ఈ మాట చెప్తే నా ముఖం చూసి నవ్వాడు.

దిద్దుబాటు ఒక్క లైనే. కూడిక తీసేసి తీసివేత పెట్టాం. "ఇప్పటి టైమ్ మైనస్ మొదలైన టైమ్, గడువుకు సమానం లేదా ఎక్కువా?" అన్‌సైన్డ్ (మైనస్ గుర్తు లేని) సంఖ్యల్లో తీసివేత సున్నాను దాటినా తేడా సరిగ్గానే వస్తుంది. ఎక్స్‌వీ6 స్లీప్ ఫంక్షన్ తెరిచి చూడు, అక్కడా ఇట్లాగే టిక్కుల తేడాయే చూస్తారు.

జడ్చర్ల_జంక్షన్ (శనివారం, ఉదయం 8:30)

మేడమ్, విండోస్ 95కు కూడ ఇదే 49.7 రోజుల జబ్బు ఉండె. కాకపోతే అది 49 రోజులు నిలబడి నడిచిన ఇల్లు నేనైతే చూడలే.

ఎక్స్‌వీ6 స్లీప్ అంటే యాదికొచ్చింది. నేను చదువుకునేటప్పుడు దానికి మైనస్ ఒకటి పంపిన, ఏమైతదో చూద్దామని. తిరిగి రాలే. టిక్కులు అన్‌సైన్డ్, మనం పంపేది సైన్డ్. పోల్చేటప్పుడు మైనస్ ఒకటి కాస్త 429 కోట్ల చిల్లర అయి కూసుంది. సెకనుకు పది టిక్కులంటే పదమూడున్నర ఏండ్లు పండాలె. తర్వాత వాళ్లే దిద్దిన్రు, సున్నాకంటే తక్కువొస్తే సున్నా అనుకో అని.

తమ్మీ, నీ దానికి ఈజీ ఉపాయం చెప్తా. కోటి, 100 కోట్లు అని ఎందుకు? ఒక్క కౌంట్ అంటే 100 నానోసెకన్లు. కౌంటర్‌ను 100తోని గుణించు, అయిపాయె. అట్లయితే నిండనీకి 584 ఏండ్లు పడ్తది.

దేవరకొండోడు (శనివారం, ఉదయం 11:15)

జడ్చర్లన్న చెప్పింది లెక్కకు సరిగ్గనే ఉంది. కాని ఆ 100 క్యూఎముల కౌంటర్ వేగం మీద ఆధారపడ్డది. రేపు ఈ కెర్నల్‌నే వేరే బోర్డు మీద వేస్తే వేగం వేరే ఉంటది, టైమ్ తప్పుతది, ఎందుకో ఎవ్వరికీ అర్థం కాదు. వేగాన్ని డివైస్ ట్రీల నుంచి, అంటే బోర్డు వివరాలుండే పట్టికల నుంచి చదువుకోవాలె.

తమ్మీ, లెక్కను రెండు ముక్కలు చెయ్యి. కౌంటర్‌ను వేగంతోని భాగిస్తే పూర్తి సెకన్లు వస్తయ్. మిగిలిన శేషాన్ని మాత్రమే 100 కోట్లతోని గుణించి వేగంతోని భాగించు. శేషం ఎప్పుడూ కోటికి లోపలే ఉంటది కాబట్టి ఆ గుణకారం పొర్లదు.

ఇది నా తెలివి కాదు. లినక్స్‌ల ఇదే బగ్ ఉండె. ఎక్స్86 ప్రాసెసర్ల మీద షెడ్యూలర్ (ఏ ప్రోగ్రాం ఎప్పుడు నడవాల్నో చూసేది) వాడే గడియారం ప్రాసెసర్ సైకిళ్లను ఒక సంఖ్యతోని గుణించి, 10 బిట్లు కుడికి జరిపేది. గుణకారం 64 బిట్లల్ల జరిగి, తర్వాత 10 బిట్లు పోతే మిగిలేది 54. నానోసెకన్లల్ల 54 బిట్లంటే 208 రోజుల 12 గంటలు. నీకు అరగంటకే కనపడ్డది, మాకు ఏడు నెలలకు కనపడ్డది.

అప్పుడు మేం పనిచేసే కాడ ఒక వరుస సర్వర్లను ఒక్కనాడే బూట్ చేసినం. రీబూట్ లేకుండ నడుస్తున్నయని గొప్పలు చెప్పుకునేటోళ్లం. ఒక రాత్రి ఒకటి పడ్డది. లేపే లోపల్నే రెండోది, మూడోది. నెట్‌వర్క్ అనుకున్నం, కరెంటు అనుకున్నం, ఏసీ ఖరాబైంది అనుకున్నం. మా టీంల ఒకడు కూసొని అన్నింటి అప్‌టైమ్ (బూటయినప్పటి సంది నడిచిన రోజులు) కాయితం మీద రాసిండు, అన్నీ 208. అప్పటికే 2011ల లినక్స్‌ల దిద్దిన్రు, మేమే అప్‌డేట్ వేసుకోలే. ఆ దిద్దుబాటు తెరిచి చూసిన. భాగఫలం ఒక దిక్కు, శేషం ఒక దిక్కు, వేరువేరుగ గుణించి కలిపిన్రు. గంతే. దాన్నే నీకు చెప్తున్న.

లెక్చరరమ్మ_కల్వకుర్తి (శనివారం, మధ్యాహ్నం 12:02)

భాగహారం దాకా సరే. డివైస్ ట్రీ దగ్గర మాత్రం నేను ఒప్పుకోను. ఎక్స్‌వీ6లో డివైస్ ట్రీ చదివే కోడే లేదు. అది రాస్తే రెండు లైన్ల ఫిక్స్ రెండు వందల లైన్లవుతుంది, అసలు బగ్ అందులో మునిగిపోతుంది. వేగాన్ని పేరున్న స్థిరాంకంగా పెట్టి, పక్కన "క్యూఎము వర్చువల్ బోర్డుకు మాత్రమే" అని కామెంట్ రాస్తే చాలు. బగ్ ఫిక్స్‌లో కొత్త వసతి కలపకూడదు.

దేవరకొండోడు (శనివారం, మధ్యాహ్నం 12:20)

మేడమ్, కామెంట్లు ఎవరూ చదవరు.

లెక్చరరమ్మ_కల్వకుర్తి (శనివారం, మధ్యాహ్నం 12:26)

అందుకే నేను మార్కులు కామెంట్లకే వేస్తా.

మిర్యాలగూడ_మిల్లు (శనివారం, సాయంత్రం 6:40)

నాకు కెర్నల్ గిర్నల్ తెల్వది. రైస్ మిల్లుల అకౌంట్లు, వేబ్రిడ్జ్ చూస్కుంట. కాని టైమ్ ఎనకకు పోయే ముచ్చట వినంగనే ఆగలేకపోయిన.

యాసంగి సీజన్ల లారీలు గేటు బయట కిలోమీటరు దాక ఉంటయ్. మా కాటా సాఫ్ట్‌వేర్ లారీ లోపలికి వచ్చిన టైమ్, బయటికి పోయిన టైమ్ వేసుకుంటది. లోపల ఎంతసేపుందో చూసి హాల్టింగ్ లెక్క కడ్తం. కాటా కంప్యూటర్ గడియారం పదిహేను నిమిషాలు ముందు నడుస్తుండె, ఎవరం పట్టించుకోలే. ఒకనాడు దానికి నెట్ కనెక్షన్ ఇచ్చినం. అది ఇంటర్నెట్ టైమ్ చూసి గప్పున సరిజేసుకుంది. అప్పుడు లోపలున్న లారీ ఒకటి, లోపలికి రాకముందే బయటికి పోయినట్టు రసీదు వచ్చింది. మైనస్ తొమ్మిది నిమిషాలు! డ్రైవర్ రసీదు పట్టుకొని, "అయితే మీరే నాకు బాకీ" అన్నడు.

ఇప్పుడు ఈ పిల్లగాని ఫంక్షన్ అసుంటిది ఉంటే నా రసీదు సరిగ్గ వస్తదా?

దేవరకొండోడు (శనివారం, రాత్రి 8:10)

సేటు, మంచి ప్రశ్న అడిగినవ్. రసీదు మీద తారీకు, టైమ్ వెయ్యాల్నంటే గోడ గడియారం కావాలె. ఎంతసేపు అని లెక్క కట్టాల్నంటే స్టాప్‌వాచ్ కావాలె. మీ సాఫ్ట్‌వేర్ గోడ గడియారంతోని స్టాప్‌వాచ్ పని చేయించింది. గోడ గడియారాన్ని ఎవరైన సరిజేయొచ్చు, ముందుకైనా ఎనకకైనా. లినక్స్‌ల అందుకే రెండూ వేరే. రియల్‌టైమ్ క్లాక్ మారొచ్చు, మోనోటోనిక్ క్లాక్ ఎనకకు పోదు. ఇంకోటి, సిస్టమ్ స్లీప్‌ల ఉన్నంతసేపు ఆ మోనోటోనిక్ క్లాక్ లెక్కబెట్టదు. అది గూడ కలవాలంటే బూట్‌టైమ్ అని మూడోది ఉంది.

తమ్మీ, ఇక్కడనే నీకు నా ఇంకో అభ్యంతరం. నీ ఫంక్షన్ పేరు గెట్‌టైమ్. దాన్ని చూసి మిల్లు సేటు అసుంటోళ్లు తారీకు వస్తదనుకుంటరు. నువ్వు ఇచ్చేది బూట్ అయినప్పటి నుంచి గడిచిన నానోసెకన్లు. అప్‌టైమ్ అని పేరులనే ఉంటే అడిగేటోడు ఉండడు.

జడ్చర్ల_జంక్షన్ (శనివారం, రాత్రి 8:25)

గోడ గడియారం అంటే 2012 యాదికొచ్చె. జూలై 1, ఆదివారం, పొద్దున 5:30. ప్రపంచమంతా గడియారానికి ఒక్క సెకను ఎక్కువ కలిపిన్రు. లినక్స్ కెర్నల్ ఆ సెకనును లోపలి టైమర్లకు చెప్పుడు మర్చిపోయింది. జావా సర్వర్లన్నీ సీపీయూ నూటికి నూరు తిన్నయ్. నైట్ డ్యూటీ దిగి ఎంజీబీఎస్‌ల జడ్చర్ల బస్ ఎక్కినోణ్ణి, దింపి మళ్ల పిలిచిన్రు. ఆఖరికి మందు ఏందంటే, ఉన్న తారీకునే మళ్ల ఒకసారి సెట్ చేసుడు. నవ్వాల్నా ఏడ్వాల్నా తెల్వలే.

క్లాక్‌టవర్_నల్గొండ (సోమవారం, మధ్యాహ్నం 1:15)

అన్నా, మేడమ్, నాకేం సమజ్ అయితలేదు. మీరు చెప్పినట్టే రాసిన. గ్లోబల్ వేరియబుల్ తీసేసిన. భాగఫలం, శేషం వేరు చేసిన. పేరు కూడ మార్చిన, కాని పాత ప్రోగ్రాంలు ఆగిపోకుండ సిస్టమ్ కాల్ నంబరు అదే ఉంచిన. ల్యాబ్‌ల కూసొని మేక్ (మారిన ఫైళ్లను కంపైల్ చేసే కమాండ్) కొట్టి నడిపించిన. మళ్ల 1844 కాడ ఆగింది! గంటల సబ్మిట్ చెయ్యాలె. శేషం లెక్కల గూడ ఓవర్‌ఫ్లో ఉందా?

దేవరకొండోడు (సోమవారం, మధ్యాహ్నం 1:22)

నువ్వు రాసిన మాట మళ్ల చదువు. "ఆగింది" అన్నవ్. సున్నాకు పోలేదు, ఆగింది. కొత్త కోడ్‌ల పాత విలువ దాచుకునేదే లేదు కద. అది తప్పయితే సున్నాకన్న పోవాలె, పిచ్చి సంఖ్యలన్న రావాలె, ఆగే దారే లేదు. ఆగుతుందంటే ఇప్పుడు నడిచేది శుక్రవారం నాటి కెర్నల్. నీ కొత్త కోడ్ కంపైలే కాలే.

క్లాక్‌టవర్_నల్గొండ (సోమవారం, మధ్యాహ్నం 1:25)

మేక్ కొట్టిన అన్నా, ఒట్టు. ఎర్రర్ ఒక్కటీ రాలే. వార్నింగ్ ఒకటి వచ్చింది, గడియారంల తేడా ఉంది, బిల్డ్ పూర్తి కాకపోవచ్చు అని. నా గడియారం బగ్ గురించే అనుకొని వదిలేసిన.

పాలమూరు_సర్వీస్ (సోమవారం, మధ్యాహ్నం 1:31)

మహబూబ్‌నగర్‌ల కంప్యూటర్ రిపేర్ షాపు నాది. మీ లెక్కలు నాకు తెల్వయి గని, తమ్మీ, స్క్రీన్ కింద మూలకు చూడు. తారీకు ఎంత చూపిస్తుంది?

క్లాక్‌టవర్_నల్గొండ (సోమవారం, మధ్యాహ్నం 1:33)

2015 జనవరి 1.

పాలమూరు_సర్వీస్ (సోమవారం, మధ్యాహ్నం 1:36)

😂😂 తారీకు యాది పెట్టుకునే సీమోస్ బ్యాటరీ సచ్చింది. నిన్న మొన్న కరెంటు పోయిందా?

క్లాక్‌టవర్_నల్గొండ (సోమవారం, మధ్యాహ్నం 1:38)

ఆదివారం వానకు పోయిందట అన్నా. ల్యాబ్ ఇన్వర్టర్ గూడ దిగిపోయింది. ల్యాబ్‌ల నెట్ లేదు, తారీకు మేమే చేత్తోని పెడ్తం.

దేవరకొండోడు (సోమవారం, మధ్యాహ్నం 1:44)

పాలమూరన్నకు దండం. ఇగ విను. శుక్రవారం కంపైల్ అయిన ఫైలు మీద ఈ ఏడాది తారీకు ఉంది. ఇయ్యాల నువ్వు మార్చిన సోర్స్ ఫైలు మీద 2015 తారీకు పడ్డది. మేక్ చూసేది తారీకులనే. సోర్స్ పాతది, కంపైలైంది కొత్తది, చేసేదేం లేదని ఊకుంది. ఆ వార్నింగ్ చెప్పింది ఇదే. తారీకు సరిగ్గ పెట్టి, మేక్ క్లీన్ కొట్టి పాత కంపైల్ ఫైళ్లు తుడిచేసి, మొదటి నుంచి కట్టు.

అరగంట ఎదురు చూడకు. లినక్స్ వాళ్లు టిక్కుల కౌంటర్‌ను కావాల్ననే మైనస్ ఐదు నిమిషాల కాడ మొదలుపెడ్తరు, పొర్లే బగ్గులు బూటయిన ఐదు నిమిషాలకే బయటపడాల్నని. నువ్వు గూడ గంతే చెయ్యి. కౌంటర్‌కు 1844 కోట్ల 67 లక్షల 44 వేల 73 ల నుంచి 10 కోట్లు తీసేసి కలుపు. పది సెకన్లల్ల గీత దాటుతది. ముందు అసలు పాత కోడ్ మీద పెట్టు, పది సెకన్లకు సున్నాకు పోవాలె. పోకపోతే నీ టెస్టే తప్పు. తర్వాత కొత్త దాని మీద పెట్టు. సబ్మిట్ చేసేటప్పుడు ఆ కలిపింది తీసేసుడు మర్చిపోకు.

క్లాక్‌టవర్_నల్గొండ (సోమవారం, మధ్యాహ్నం 2:20)

పాత దాని మీద సరిగ్గ పది సెకన్లకు సున్నా. కొత్త దాని మీద గీత దాటి పోయింది, మూడు సీపీయూల మీద గూడ!

ప్యాచ్ మీద ఇట్ల రాసిన, సరేనా? "బూట్ అయిన 1844 సెకన్లకు అప్‌టైమ్ సున్నాకు వస్తుంది. కారణం, కౌంటర్‌ను 100 కోట్లతో గుణించినప్పుడు 64 బిట్లు నిండడం. పూర్తి సెకన్లను విడదీసి, శేషాన్ని మాత్రమే గుణించాం. కౌంటర్ వేగం క్యూఎము వర్చువల్ బోర్డుకు మాత్రమే వర్తిస్తుంది." అంతకుముందు రాసింది "టైమ్ బగ్ ఫిక్స్" అని మూడే మాటలు.

లెక్చరరమ్మ_కల్వకుర్తి (సోమవారం, మధ్యాహ్నం 2:24)

చివరి వాక్యానికి రెండు మార్కులు ఎక్కువ.

దేవరకొండోడు (సోమవారం, మధ్యాహ్నం 2:31)

డివైస్ ట్రీ మీద నా మాట అట్లనే ఉంది. మిగిలిందంతా సరే, పంపు.

క్లాక్‌టవర్_నల్గొండ (మంగళవారం, ఉదయం 8:05)

సబ్మిట్ అయింది. కలిపిన సంఖ్య తీసేసి, రాత్రి హాస్టల్ల నా ల్యాప్‌టాప్ మీద నడుస్తుండంగనే పడుకున్న. పొద్దున చూస్తే 31,000 సెకన్లు దాటింది, ఎక్కడా ఆగలే. సర్ ఏం అనలే, "రెండు లైన్లకు నాలుగు రోజులా" అన్నరు.

పాలమూరు_సర్వీస్ (మంగళవారం, ఉదయం 9:10)

అది సరే తమ్మీ, ఆ ల్యాబ్‌ల ఇంక ఎన్ని సిస్టమ్స్ 2015ల ఉన్నయో లెక్కబెట్టి చెప్పు. సీఆర్ 2032 బ్యాటరీలు డబ్బా తెరిచి పెడ్త.